తక్కువ పౌండ్ల లాంగ్‌బోతో బాణం వేగంగా వెళ్లాలంటే ఏమి చూసి ఎంచుకోవాలి?

అమ్మా, మీరు రాసిన సంగతులను ముందుగా ఒకచోట చేర్చి చెబుతాను. మీరు తిరుపతిలో ఉంటారు. బడిలో చదివే రోజుల్లో వెదురు విల్లుతో ఇండియన్ రౌండ్ అనే పోటీ విభాగంలో 30 మీటర్లు, 50 మీటర్లు వేసిన అనుభవం మీకుంది. పదిహేనేళ్ల తర్వాత మళ్లీ విల్లు పట్టాలనుకుంటున్నారు. మీ ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు. కుడి భుజానికి పాత నొప్పి ఉన్నందున 30 పౌండ్లకు (పౌండ్లంటే తాడును పూర్తిగా లాగి పట్టడానికి కావలసిన బలం) మించి లాగవద్దని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. చివర్లు ముందుకు మెలి తిరిగిన రికర్వ్ విల్లు కాకుండా, ఒకే వంపుతో ఉండే పాతకాలపు పొడవాటి విల్లు లాంగ్‌బోనే కావాలన్నది మీ కోరిక. అయితే తెలిసినవారి దగ్గర తీసుకున్న 30 పౌండ్ల విల్లుతో 30 మీటర్లకు వేస్తే బాణం పైకి లేచి ఎక్కడో కిందికి దిగుతోంది, లక్ష్యానికి చాలా పైన గురి పెట్టవలసి వస్తోంది. విల్లు అమ్మే ఒకాయన, 45 పౌండ్లు లేకపోతే లాంగ్‌బో కొనడం డబ్బు దండగ అన్నారు. ఆ మాట నిజమేనా అనీ, నిజం కాకపోతే తక్కువ పౌండ్లలోనే బాణాన్ని చురుగ్గా పంపే విల్లును ఎలా గుర్తించాలి అనీ మీరు అడిగారు.

ఆ మాట నిజం కాదు. నేను చిత్తూరులో ఇరవై రెండేళ్లుగా లాంగ్‌బోతోనే సాధన చేస్తున్నాను, పదేళ్లకు పైగా పిల్లలకూ పెద్దలకూ నేర్పుతున్నాను. ఈ కాలంలో 45 పౌండ్ల విల్లుతో నెమ్మదిగా వెళ్లే బాణాలను చూశాను, 28 పౌండ్ల విల్లుతో వాటిని మించి వెళ్లే బాణాలనూ చూశాను. 45 పౌండ్ల మాట వేట నుంచి పుట్టింది. అమెరికాలోని పలు రాష్ట్రాలు జింక వంటి జంతువును వేటాడే విల్లుకు కనీస పౌండ్లను నిర్ణయించాయి, ఆ లెక్కే అమ్మేవారి నోట మామూలు నియమంగా మారిపోయింది. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. మీరు వేసేది గడ్డి దిమ్మెకో ఫోమ్ దిమ్మెకో కాబట్టి బాణం లోతుగా దిగవలసిన అవసరం లేదు, చదునుగా వెళ్తే చాలు. ఈ రెండూ వేరు వేరు అవసరాలు.

చదునుగా వెళ్లడం అంటే వేగం. వేగాన్ని పౌండ్లు ఒక్కటే నిర్ణయించవు. ఒకే నమూనాలో, ఒకే పొడవుతో చేసిన రెండు విళ్లు ఉన్నాయనుకోండి, ఒకటి 30 పౌండ్లది, మరొకటి 45 పౌండ్లది. మొదటిదానితో 300 గ్రెయిన్ల (గ్రాముకు సుమారు 15 గ్రెయిన్లు) బాణాన్ని, రెండోదానితో 450 గ్రెయిన్ల బాణాన్ని, అంటే రెండింటిలోనూ పౌండుకు 10 గ్రెయిన్ల చొప్పున ఉండే బాణాన్ని, ఒకే పొడవుకు లాగి వదిలితే రెండూ దాదాపు ఒకే వేగంతో వెళ్తాయి. విల్లులో నిలిచే శక్తి ఎంత పెరిగిందో అది మోసే బరువూ అంతే పెరిగింది కదా. ఇంగ్లండులో 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలోని విళ్లకు వంద పౌండ్లకు పైగా బలం ఉండేదని అంచనా వేశారు. ఆ బలమంతా కవచాన్ని తాకే బరువైన యుద్ధబాణాన్ని మోయడానికే. మనకు ఆ బరువూ వద్దు, ఆ బలమూ వద్దు.

అందువల్ల మీరు ఎరువు తెచ్చుకున్న విల్లుపై నాకు కలిగే మొదటి అనుమానం, దానితో వచ్చిన బాణాలు మరొకరి బరువైన విల్లు కోసం చేసినవై ఉంటాయన్నది. చిన్న లెక్క చేద్దాం. భౌతిక శాస్త్రవేత్త పాల్ క్లోప్‌స్టెగ్ విల్లును అర్థం చేసుకోవడానికి ఒక చక్కని ఉపాయం చెప్పాడు. తాడు వదలగానే విల్లు బాణాన్ని మాత్రమే కదపదు, తన లింబ్‌లనూ (నడుముకు పైనా కిందా వంగే రెండు రెక్కలనూ) తాడునూ కూడా కదుపుతుంది. ఆ కదిలే భాగాలన్నిటినీ బాణానికి అంటుకుని ఉన్న ఒక అదనపు బరువుగా లెక్కించవచ్చు. మీరు లాగిన విల్లులో బాణానికీ లింబ్‌లకూ కలిపి పంచడానికి 30 జౌల్‌ల శక్తి ఉందనీ, ఆ అదనపు బరువు 7 గ్రాములనీ అనుకుందాం. బాణం 29 గ్రాములు, అంటే సుమారు 450 గ్రెయిన్లు ఉంటే దాని వేగం సెకనుకు 41 మీటర్ల లోపే ఉంటుంది. అదే విల్లుతో 19.5 గ్రాముల, అంటే 300 గ్రెయిన్ల బాణం వేస్తే వేగం 47 మీటర్లు దాటుతుంది. గాలి నిరోధాన్ని పక్కన పెడితే, 30 మీటర్లు వెళ్లేలోపు మొదటి బాణం భూమి ఆకర్షణకు సుమారు 2 మీటర్ల 65 సెంటీమీటర్లు జారుతుంది, రెండోది 1 మీటరు 95 సెంటీమీటర్లు మాత్రమే జారుతుంది. ఈ 70 సెంటీమీటర్ల తేడా కోసం మీ భుజం ఒక్క పౌండు కూడా అదనంగా మోయలేదు.

ఇప్పుడు బాణాన్ని 19.5 గ్రాములకే ఉంచి, విల్లులోని అదనపు బరువును 7 నుంచి 12 గ్రాములకు పెంచి చూడండి. వేగం 47 మీటర్ల పైనుంచి 44 మీటర్ల లోపుకు పడిపోతుంది. లింబ్‌ల చివర్లు మొద్దుగా ఉన్న విల్లులో జరిగేది ఇదే. తక్కువ పౌండ్ల విల్లు ఎంచుకునేటప్పుడు నేను మొట్టమొదట చూసేది కూడా అందుకే లింబ్ చివర్లనే. విల్లు నడుము దగ్గరి, అంటే చేత్తో పట్టుకునే చోటి కర్ర కదలదు, లింబ్ మధ్యభాగం కొద్దిగా కదులుతుంది, చివరి నాలుగైదు అంగుళాలు మాత్రం అన్నిటికంటే వేగంగా కదులుతాయి. కదలికకు పట్టే శక్తి వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక, చివర ఉన్న ఒక్క గ్రాము మధ్యలో ఉన్న పది గ్రాముల కంటే ఎక్కువ నష్టం చేయగలదు. చివర వెడల్పు అర అంగుళానికి మించకుండా, అంచులు చెక్కి సన్నబడిన లింబ్‌లున్న విల్లును వెతకండి. లింబ్ అడ్డుకోత సరిగ్గా దీర్ఘచతురస్రంగా కాకుండా ఒక వైపు కొంచెం ఇరుకుగా ఉండేలా చెక్కిన విళ్లు కూడా ఈ ఉద్దేశంతో చేసినవే.

ఇక్కడ ఒక మోసం గురించి హెచ్చరించాలి, అయితే అది అన్నిసార్లూ కావాలని చేసేది కాదు. 40, 45 పౌండ్లకు గీసిన అచ్చులోనే లింబ్‌లు చేసి, పైనా కిందా పలచగా రుద్ది, అదే విల్లును 28 పౌండ్లదిగా అమ్ముతారు. దానికి పౌండ్లు తగ్గుతాయి గాని, వెడల్పు తగ్గదు, చివర్ల బరువు దామాషాలో తగ్గదు. అలాంటి విల్లును వదలగానే పట్టుకున్న చేతిలో గట్టి అదురు తెలుస్తుంది. ఆ అదురు బాణానికి చేరకుండా విల్లులోనే మిగిలిపోయిన శక్తి. చేసేవారిని నేరుగా అడగండి: తక్కువ పౌండ్ల విల్లుకు లింబ్ వెడల్పును, కొస వైపు పలచబడే తీరును వేరుగా గీస్తారా, లేక అదే అచ్చును వాడతారా? మంచి పనివాడు ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతాడు.

ఇక నమూనా సంగతి. అడ్డుకోత ఆంగ్ల అక్షరం డి ఆకారంలో ఉండే పాత ఇంగ్లీషు పద్ధతి విల్లు కంటికి ఎంతో అందంగా ఉంటుంది, నాకూ దానిపై గౌరవం ఉంది. కానీ ఆ మందపాటి గుండ్రటి లింబ్ తన బరువుకు తగినంత శక్తిని నిలపదు. 1930లలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్ వంటి శాస్త్రవేత్తలు లెక్కలు వేసి, చదునైన లింబ్ మేలని చూపించారు, ఇప్పుడు మనం చూసే చదునైన లాంగ్‌బోలకు ఆ పని పునాది. చదునైన వాటిలోనూ తాడు తీసినప్పుడు నిటారుగా ఉండే రకం ఒకటి, నడుము దగ్గర కొద్దిగా విలుకాడి వైపూ చివర్ల దగ్గర కొద్దిగా అవతలి వైపూ వంగి ఉండే రిఫ్లెక్స్-డిఫ్లెక్స్ రకం మరొకటి. మీకు నా సలహా రెండో రకమే, ఇందులో నాకు సందేహం లేదు. తాడు ఎక్కించిన తర్వాత కూడా అది చక్కటి ఒకే వంపుతో లాంగ్‌బోలాగే కనిపిస్తుంది. తాడు నాక్‌ల (లింబ్ చివర్లలో తాడు తగిలించే గాట్ల) దగ్గర తప్ప మరెక్కడా లింబ్‌ను తాకదు, లాంగ్‌బోను రికర్వ్ నుంచి వేరు చేసే గుర్తు అదే. తాడు ఎక్కించినప్పుడే లింబ్‌లు కొంత బిగుసుకుని ఉంటాయి కాబట్టి లాగడం మొదలుపెట్టిన రెండు మూడు అంగుళాల్లోనే బరువు వచ్చేస్తుంది, చివరికి వచ్చేసరికి అది నెమ్మదిగా పెరుగుతుంది. మీ వేళ్లకు చివర తెలిసే బరువు 28 పౌండ్లే అయినా దారి పొడవునా నిలిచిన శక్తి ఎక్కువ.

ఈ మాటను నమ్మవలసిన పని లేదు, కొలవవచ్చు. ప్రయాణాల్లో పెట్టెలు తూచే చిన్న డిజిటల్ త్రాసు ఒకటి తీసుకోండి. విల్లు నడుమును బల్లకు బిగించిన కర్రపై ఆనించి, త్రాసు కొక్కేన్ని తాడు మధ్యలో తగిలించి, అంగుళం అంగుళం లాగుతూ ప్రతి అంగుళం దగ్గరా చూపిన బరువును రాసుకోండి. కిలోలను 2.2తో గుణిస్తే పౌండ్లు వస్తాయి. ఆ అంకెలన్నిటినీ కూడి 12తో భాగిస్తే విల్లులో నిలిచిన శక్తి అడుగు-పౌండ్లలో సుమారుగా వస్తుంది. దాన్ని చివరి బరువుతో భాగించండి. మీ డ్రా లెంగ్త్ (మీరు తాడును ఎంత పొడవుకు లాగుతారో ఆ కొలత, మీకు సుమారు 26 అంగుళాలు) దగ్గర ఆ భాగఫలం 0.72 దగ్గర ఉంటే ఆ విల్లు బరువు గీత గీసినట్టు ఒకే తీరున పెరుగుతోందని అర్థం. 0.8 దాటితే మంచి విల్లు. చివరి రెండు అంగుళాల్లో బరువు ఒక్కసారిగా ఎగబాకితే, ఆ విల్లు మీ చేతికి పొట్టిదైపోయిందన్నమాట, దాన్ని వదిలేయండి.

నేను ఈ కొలతపై ఇంత పట్టుపట్టడానికి నా సొంత అనుభవం కారణం. నా మొదటి లాంగ్‌బోపై 40 పౌండ్లు అని రాసి ఉంది. ఎనిమిది నెలలు దానితో సాధన చేశాను, భుజం నొప్పి నా బలహీనత వల్లేనని అనుకుని మరింత పట్టుదలగా లాగాను. చివరికి కూరగాయల మార్కెట్లో గోనె సంచులు తూచే కొక్కెం త్రాసుకు దాన్ని తగిలించి చూస్తే 21 కిలోల పైన చూపించింది, అంటే 47 పౌండ్లు. ఆ తర్వాత ఏడాది పాటు విల్లు ముట్టుకోలేకపోయాను. అందుకే చెబుతున్నాను, విల్లుపై రాసిన అంకెను ఎవరు రాసినా సరే, తూచిన తర్వాతే మీ భుజానికి అప్పగించండి.

ఆ అంకె నిజమైనా అది మీకు వర్తించకపోవచ్చు. విల్లుపై రాసే పౌండ్లు 28 అంగుళాలకు లాగినప్పటివి. ఆ 28 అంగుళాలను నడుములోని లోతైన చోటు నుంచి తాడు వరకు కొలిచి, దానికి 1.75 అంగుళాలు కలిపి లెక్కిస్తారు. రెండు చేతులూ చాచిన పొడవును 2.5తో భాగిస్తే డ్రా లెంగ్త్ ఉజ్జాయింపుగా తెలుస్తుంది. మీ ఎత్తుకు అది 25 నుంచి 26 అంగుళాల మధ్య ఉంటుంది. ఈ బరువుల్లో ఒక్కో అంగుళానికి రెండు నుంచి రెండున్నర పౌండ్లు తగ్గుతాయి కాబట్టి, 30 అని రాసిన విల్లు మీ చేతిలో 25, 26 పౌండ్లే. పైగా తాడు బాణాన్ని నెట్టే దారి కూడా పొట్టిదవుతుంది. తాడుకూ నడుముకూ మధ్య 7 అంగుళాల ఎడం ఉందనుకుంటే, 28 అంగుళాలు లాగేవారికి ఆ దారి 19.25 అంగుళాలు, 26 లాగే మీకు 17.25 అంగుళాలు. రెండూ కలిపి చూస్తే శక్తిలో దాదాపు నాలుగో వంతు పోతుంది. మీ బాణం లేచి పడుతోందనడానికి ఇది రెండో కారణం, ఎరువు విల్లు చేసినవారి తప్పేమీ ఉండకపోవచ్చు.

కాబట్టి విల్లు చేయించేటప్పుడు '30 పౌండ్లు' అని చెప్పకండి, '26 అంగుళాల దగ్గర 28 పౌండ్లు' అని చెప్పండి. 30 వరకు అనుమతి ఉంటే 28 ఎందుకని మీరు అడగవచ్చు. నొప్పి ఉన్న భుజాన్ని హద్దు అంచున నిలబెట్టకూడదన్నది ఒక కారణం. వేగానికి సంబంధించిన కారణం కూడా ఒకటుంది. బరువు హద్దుకు చేరితే చేయి తెలియకుండానే అరంగుళం, అంగుళం ముందుకు జారుతుంది. మీ స్థాయి విల్లులో ఒక అంగుళం జారితే బాణం సెకనుకు సుమారు 2 మీటర్లు కోల్పోతుంది, 30 మీటర్ల దగ్గర అది దాదాపు 18 సెంటీమీటర్లు కిందికి దించుతుంది. ఒక్కో బాణానికి ఒక్కోలా జారితే గురి అనే మాటకే అర్థం ఉండదు. ప్రతిసారీ చివరి వరకు లాగి, వీపు కండరాలతో పట్టి, చక్కగా వదలగలిగిన 28 పౌండ్లు, సగంలో వదిలేసే 35 పౌండ్ల కంటే వేగంగానూ నమ్మకంగానూ బాణాన్ని పంపుతాయి.

విల్లు పొడవు విషయంలోనూ అమ్మేవారు పొరపాటు సలహా ఇస్తారు. లాంగ్‌బో అనగానే 68 అంగుళాల విల్లు చేతికిస్తారు. 28, 29 అంగుళాలు లాగే పొడగరికి అది సరిపోతుంది. మీరు 26 లాగితే అంత పొడవైన లింబ్‌లు సరిగా వంగవు, వాటి బరువు మాత్రం మొత్తం మీరు కదపాలి. మీకు 62 లేదా 64 అంగుళాలు తగినవి. 60 కూడా వేగంగా ఉంటుంది గాని, వేళ్ల దగ్గర తాడు కోణం ఇరుకై మీరు వదిలే తీరులోని చిన్న లోపాన్ని కూడా అది పెద్దది చేసి చూపిస్తుంది. పదిహేనేళ్ల తర్వాత మొదలుపెట్టేవారికి 64 వైపే నా మొగ్గు.

లింబ్ లోపల ఏ కలప ఉండాలి అన్నదానిపై చాలామంది అవసరానికి మించి మాట్లాడతారు. లోపల వెదురు లేదా మేపుల్, పైనా కిందా ఫైబర్ గ్లాస్ ఉంటే మీకు చాలు. వెదురు తేలిక, తిరిగి నిలబడే గుణం బాగుంది. కార్బన్ పొర ఉన్న లింబ్ మెలి తిరగకుండా గట్టిగా ఉంటుంది, కొద్దిగా వేగం కూడా ఇస్తుంది. అయితే 28 పౌండ్ల విల్లులో దాని కోసం పెట్టే అదనపు డబ్బును మంచి బాణాలకు పెట్టడం మేలని నా అభిప్రాయం. మీరు బడి రోజుల్లో వాడినట్టు పూర్తి వెదురు విల్లు చేయించుకోవాలన్న ఆలోచన కూడా రాశారు. మేదర్ల దగ్గర మంచి ముదురు వెదురు దొరుకుతుంది, పని తెలిసినవారు చేస్తే అది హాయిగా ఉంటుంది. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల తేమ మన ప్రాంతాన్ని వదలదు. తేమ పట్టిన వెదురు లాగిన వంపులోనే కొంత నిలిచిపోతుంది, వేగం తగ్గుతుంది. మీకు ముఖ్యం వేగమే కాబట్టి గ్లాస్ పూతల విల్లు తీసుకుని, వెదురు విల్లును తర్వాతి సంతోషంగా ఉంచుకోండి.

నడుము కర్రకు ఎర్రచందనం వేయించి ఇస్తామని ఎవరైనా అంటే వెంటనే వద్దనండి. శేషాచలం కొండల చుట్టుపక్కల తప్ప సహజంగా మరెక్కడా పెరగని చెట్టు అది. అనుమతి లేకుండా దాని నరికివేత, రవాణా చట్టరీత్యా నేరాలు, అడవికి జరుగుతున్న నష్టం మన కళ్ల ముందే ఉంది. బరువైన నడుము కర్ర చేయి నిలకడకు ఉపయోగపడే మాట నిజమే, అందుకు షీషమ్ కలప సరిపోతుంది.

ఇప్పుడు బాణాలు. మీ సమస్యలో సగానికి పైగా పరిష్కారం ఇక్కడే ఉంది గనుక కొంచెం వివరంగా చెబుతాను. బాణం ఎంత తేలికైతే అంత వేగమని పైన లెక్క చూపించాను, కానీ దానికి అడుగు గీత ఉంది. బాణం మరీ తేలికైతే విల్లులోని శక్తి దానికి చేరదు, లింబ్‌లలోనే మిగిలి వాటిని బాదుతుంది. బాణం లేకుండా తాడు వదిలితే విల్లు విరగడానికి కారణం ఇదే. గ్లాస్ లాంగ్‌బోలకు పౌండుకు 8 గ్రెయిన్ల కంటే తగ్గవద్దని చేసేవారు సాధారణంగా చెబుతారు. నేను మీకు 9.5 నుంచి 10.5 వరకు సూచిస్తాను. 28 పౌండ్లకు అది సుమారు 265 నుంచి 295 గ్రెయిన్లు, అంటే 17 నుంచి 19 గ్రాములు. బంగారం తూచే చిన్న త్రాసుపై ఒక్కో బాణాన్ని తూచి, డజనులో ఒకదానికొకటి 5 గ్రెయిన్లకు మించి తేడా లేకుండా ఏరుకోండి.

బరువు కుదిరినంత మాత్రాన సరిపోదు, బాణం వంగే గుణం కూడా కుదరాలి. లాంగ్‌బోలో బాణం నడుము కర్రను చుట్టుకుని వెళ్లాలి. తాడు నెట్టగానే బాణం పాములా ఒకసారి ఇటూ ఒకసారి అటూ వంగి, కర్రను తప్పించుకుని, తర్వాత నిటారవుతుంది. ఈ వంగే గుణాన్నే స్పైన్ అంటారు. కార్బన్ బాణాన్ని 28 అంగుళాల ఎడంలో రెండు ఆధారాలపై పెట్టి మధ్యలో 880 గ్రాములు వేలాడదీస్తే ఎంత వంగిందో అంగుళంలో వెయ్యో వంతుల్లో రాస్తారు. 500 కంటే 800 ఎక్కువ వంగే బాణం. దుకాణాల్లో సులువుగా దొరికే 500 స్పైన్ బాణాలు మీ విల్లుకు ఇనుప కడ్డీల్లాంటివి. అవి కర్రను కొట్టుకుని పక్కకు పోతాయి, ఆ తగులుడులో వేగం కూడా పోతుంది. మీకు 800 దగ్గర మొదలుపెట్టి, 700, 900 కూడా పరీక్షించవలసి ఉంటుంది. 800 స్పైన్ కార్బన్ గొట్టం అంగుళానికి సుమారు 6 గ్రెయిన్లు తూగుతుంది. 27.5 అంగుళాల గొట్టానికి 165 గ్రెయిన్లు, ముల్లుకు 100, లోపలి బిళ్ల, నాక్ (బాణం వెనక తాడు పట్టే గాటు ముక్క), ఈకలు కలిపి మరో 30 వేసుకుంటే 295 వస్తుంది, మీకు కావలసిన కొలతకు అది సరిగ్గా సరిపోతుంది. చెక్క బాణాలే కావాలంటే స్ప్రూస్ లేదా సెడార్‌లో 5/16 అంగుళాల మందం తీసుకోండి. 11/32 మీ విల్లుకు బరువెక్కువ.

స్పైన్ కుదిరిందో లేదో తెలుసుకోవడానికి ఈకలు లేని ఒక బాణాన్ని ఈకలున్న మూడింటితో కలిపి 15 మీటర్ల నుంచి వేయండి. మీరు కుడిచేతి వాటం కాబట్టి ఈకలు లేనిది గుంపుకు ఎడమన పడితే బాణం గట్టిది, కుడిన పడితే మెత్తనిది. గట్టిగా ఉంటే ముల్లు బరువు కొంచెం పెంచాలి, మెత్తగా ఉంటే గొట్టాన్ని పావు అంగుళం చొప్పున కోయాలి. కోసినది తిరిగి అతకదు గనుక మొదటిసారి ఒక అంగుళం పొడవు ఎక్కువే ఉంచుకోండి. ఈకలు మూడు అంగుళాలవి చాలు, అయిదు అంగుళాల ఈకలు తేలిక బాణాన్ని దూరంలో బాగా ఆపేస్తాయి.

తాడు దగ్గర తక్కువ ఖర్చుతో దొరికే వేగం ఉంది. తాడు బరువులో మూడో వంతు బాణంతో పాటే వెళ్తున్నట్టు లెక్క. డాక్రాన్ తాడు సాగుతుంది, బరువు కూడా. ఫాస్ట్ ఫ్లైట్ రకం సాగని దారంతో ఎనిమిది లేదా పది పోగుల తాడు మీ విల్లుకు సరిపోతుంది, చెవుల దగ్గర, అంటే తాడు చివరి ఉచ్చుల దగ్గర మాత్రం అదనపు పోగులు వేసి మందంగా చేయించాలి. లింబ్ చివర్లు అందుకు తగినట్టు బలపరిచి ఉన్నాయని చేసినవారు చెబితేనే ఈ తాడు వాడాలి. పాత విల్లుకు వాడితే చివర చీలిపోతుంది. శబ్దం తగ్గించే ఉన్ని గుత్తులను తాడు మధ్యకు దగ్గరగా కట్టకండి, అక్కడ వాటి బరువు నేరుగా బాణం మీద పడుతుంది.

వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ మీ దగ్గర లేకపోయినా ఫోన్‌లో శబ్దం రికార్డు చేసి కొలవవచ్చు. ఫోన్‌ను మీ పక్కన ఉంచి 18 మీటర్ల నుంచి వేయండి. తాడు శబ్దానికీ దిమ్మె శబ్దానికీ మధ్య కాలాన్ని రికార్డింగ్ గీతలో చూడండి. దిమ్మె శబ్దం మీ దగ్గరకు రావడానికి పట్టే సమయాన్ని అందులోంచి తీసేయాలి. మన ఎండల్లో శబ్దం సెకనుకు సుమారు 350 మీటర్లు వెళ్తుంది కాబట్టి 18 మీటర్లకు అది 0.05 సెకను. మొత్తం 0.44 సెకను వస్తే, మిగిలిన 0.39తో 18ని భాగిస్తే 46 మీటర్లు. ముందు ఎరువు విల్లునూ పాత బాణాలనూ ఇలా కొలిచి రాసిపెట్టుకోండి, కొత్త విల్లు ఎంత మెరుగో అప్పుడు మీకే తెలుస్తుంది.

విల్లును ఏప్రిల్, మే నెలల్లో నిలిపి ఉంచిన కారులో వదలకండి. లింబ్ పొరలను పట్టి ఉంచే జిగురు ఆ వేడికి మెత్తబడి పొరలు విడిపోతాయి, రేణిగుంట స్టేషన్ బయట ఒక మధ్యాహ్నం అలా ఒక మంచి విల్లు పోయిన సంగతి నాకు తెలుసు. తాడు ఎక్కించడానికి స్ట్రింగర్ (రెండు చివర్లకూ తగిలించి విల్లును సమంగా వంచే సాయపు తాడు) వాడండి. కాలికి అడ్డంగా పెట్టి వంచితే సన్నటి లింబ్‌లు మెలి తిరుగుతాయి, మీ భుజానికీ అది మంచిది కాదు.

ఇవన్నీ చూసుకుని చేసేవారికి మీరు రాయవలసింది ఇది: రిఫ్లెక్స్-డిఫ్లెక్స్ లాంగ్‌బో, 64 అంగుళాలు, 26 అంగుళాల దగ్గర 28 పౌండ్లు, సన్నటి బలపరిచిన చివర్లు, బాణం ఆనే చోటు నడుము మధ్య గీతకు వీలైనంత దగ్గరగా కోసినది, అంగుళం అంగుళానికి కొలిచిన బరువుల పట్టికతో సహా. బాణాలను మాత్రం దానితో పాటు తెప్పించకండి. విల్లు వచ్చి, మీ చేతిలో తూచి, మీ డ్రా లెంగ్త్ ఎవరితోనైనా పక్కనుంచి గుర్తు పెట్టించుకున్న తర్వాతే బాణాల సంగతి చూడాలి. పరీక్ష కోసం 600 నుంచి 900 వరకు అన్ని స్పైన్‌లలోనూ ఈకలు లేనివి, ఉన్నవి కొన్ని బాణాలు నా దగ్గర ఉంచుకున్నాను. విల్లు చేతికి వచ్చాక ఒక ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే చిత్తూరు రండి, రెండు గంటల్లో మీ బాణం ఏదో తేల్చుకోవచ్చు.